‘కల్పబుల్ హోమిసైడ్’ అంటే హత్యా, కాదా? వార్తల్లో దీన్ని ఎలా రాయాలి?

డెస్క్‌లో_రాత్రి
ఒక దినపత్రికలో జిల్లా వార్తలు చూసే పని నాది. వార్తా ఏజెన్సీ నుంచి ఆంగ్లంలో వచ్చే నేరవార్తల్లో ‘కల్పబుల్ హోమిసైడ్ నాట్ అమౌంటింగ్ టు మర్డర్’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. మా దగ్గర దీన్ని ఒకరు ‘హత్య కాని నరహత్య’ అని, మరొకరు ‘హత్యగా పరిగణించలేని నేరపూరిత నరహత్య’ అని, తొందరలో ఉన్నవారు ‘హత్యానేరం’ అని రాస్తున్నారు. మొదటి రకంగా రాసిన వార్త చదివిన ఒక పాఠకుడు ఫోన్ చేసి, మనిషి ప్రాణం పోయాక అది హత్య కాకపోవడం ఏమిటని, నిందితుణ్ణి వెనకేసుకొస్తున్నారా అని నిలదీశారు. ఈ మాటకు చట్టంలో ఉన్న అర్థం ఏమిటో, దాన్ని తెలుగు పాఠకుడికి చేరేలా ఎలా రాయాలో తెలిసినవారు చెప్పగలరు.

కోనసీమ_కొబ్బరి
ఆ పాఠకుడి ప్రశ్నలో న్యాయం ఉంది. ‘హత్య కాని నరహత్య’ అని చదివితే, చనిపోయినవాడు మళ్ళీ లేచి కూర్చున్నాడేమో అనిపిస్తుంది.

పాత_సెక్షన్
నేను సెషన్స్ కోర్టులో చాలాకాలం వకాల్తా నడిపి ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాను కనుక కొంచెం విస్తరంగానే రాస్తాను.

హోమిసైడ్ అంటే ఒక మనిషి చేతిలో మరో మనిషి చనిపోవడం, అంతే. అందులో నేరం ఉండాలన్న నియమం లేదు. ఆత్మరక్షణలో చంపినా, న్యాయస్థానం విధించిన ఉరిని తలారి అమలు చేసినా అది హోమిసైడే. దానికి ‘కల్పబుల్’ అన్న విశేషణం చేరినప్పుడు, చేసినవాడి మనసులో చట్టం తప్పుపట్టే ఉద్దేశమో ఎరుకో ఉందని అర్థం. 1860 నాటి భారత శిక్షాస్మృతి 299వ సెక్షన్ ఇటువంటి మానసిక స్థితులను మూడింటిని చెప్పింది. చంపాలన్న ఉద్దేశం ఒకటి. మరణం సంభవించే అవకాశమున్న దెబ్బ కొట్టాలన్న ఉద్దేశం రెండోది. తన పని వల్ల మరణం కలగవచ్చునన్న ఎరుక మూడోది. వెంటనే ఉన్న 300వ సెక్షన్, వీటిలో తీవ్రత హెచ్చిన వాటిని విడదీసి మర్డర్ అన్నది. ఉదాహరణకు, మరణానికి ‘అవకాశమున్న’ గాయం చేయాలని ఉద్దేశిస్తే అది కల్పబుల్ హోమిసైడ్. సహజ పరిణామంలో మరణానికి ‘చాలినంత’ గాయం చేయాలని ఉద్దేశిస్తే అది మర్డర్. అవకాశం, చాలడం అనే ఈ రెండు మాటల మధ్యనే నూటయాభై ఏళ్ళకు పైగా వాదప్రతివాదాలు నడుస్తున్నాయి.

మర్డర్ అన్నీ కల్పబుల్ హోమిసైడ్లే. కల్పబుల్ హోమిసైడ్లు అన్నీ మర్డర్లు కావు. వడ్లన్నీ ధాన్యమే కానీ ధాన్యమంతా వడ్లు కానట్టు. మీ పాఠకుడు ‘నాట్ అమౌంటింగ్ టు మర్డర్’ అన్నదాన్ని నిర్దోషిత్వం అనుకున్నారు. అది నేరం రుజువైన తరవాత దాని స్థాయిని చెప్పే మాట మాత్రమే. ఆ స్థాయిలో కూడా యావజ్జీవ శిక్ష పడే వీలుంది.

ఓరుగల్లు_లా
పాత_సెక్షన్ గారు చెప్పినదానికి కొత్త అంకెలు చేరుస్తున్నాను. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది కాబట్టి ఆ తేదీ తరవాత జరిగిన ఘటనలకు పాత సెక్షన్లు రాయకూడదు. 299 ఇప్పుడు 100, 300 ఇప్పుడు 101, హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103, ఈ చర్చలోని నేరానికి శిక్ష చెప్పే 304 ఇప్పుడు 105. నిర్వచనాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. శిక్షలో ఉంది. 304 మొదటి భాగం కింద, అంటే ఉద్దేశం ఉన్న సందర్భంలో, యావజ్జీవం కాకపోతే పదేళ్ళ వరకు అని మాత్రమే ఉండేది. 105లో దానికి అయిదేళ్ళ కనీస శిక్ష వచ్చి చేరింది. రెండో భాగం కింద, అంటే ఉద్దేశం లేకుండా ఎరుక మాత్రమే ఉన్న సందర్భంలో, పూర్వం ఒక్క జరిమానాతో వదిలేయడానికి కూడా వీలుండేది. ఇప్పుడు పదేళ్ళ వరకు ఖైదు, దాంతోపాటు జరిమానా.

కోనసీమ_కొబ్బరి
‘త్రీ నాట్ టూ’ అంటే సినిమా హాల్లో నేల టికెట్టువాడికి కూడా అర్థమయ్యేది. ఇక మన విలన్లందరూ ‘వన్ నాట్ త్రీ’ అని సాధన చేసుకోవాలి.

నిఘంటుప్రియ
చిక్కు చట్టంలో కంటే మన తెలుగు మాటలోనే ఎక్కువగా ఉన్నదని నా అభిప్రాయం. సంస్కృతం నుంచి మనం తీసుకున్న ‘హత్య’ అనే పదానికి చంపడం అన్న విశాలమైన అర్థమే ఉంది. ఆత్మహత్య, భ్రూణహత్య, గోహత్య, బ్రహ్మహత్య అన్న సమాసాల్లో ఆ విశాలార్థమే నేటికీ నిలిచి ఉంది. కోర్టులూ పత్రికలూ కలిసి ‘హత్య’ను మర్డర్ అనే సన్నని గదిలో పెట్టాయి, అదే పదాన్ని ‘నరహత్య’ అన్న రూపంలో పెద్ద గదికి కూడా పేరుగా పెట్టాయి. అందువల్లనే ‘హత్య కాని నరహత్య’ అన్నప్పుడు చెవికి వైరుధ్యంగా వినిపిస్తుంది. హోమిసైడ్‌కు ‘మానవ వధ’ అని, మర్డర్‌కు ‘హత్య’ అని వేరువేరు ధాతువులు వాడితే ఈ గందరగోళం సగం తగ్గుతుంది. హిందీ పాఠంలో ‘ఆపరాధిక మానవ వధ్’ అన్న ఏర్పాటే ఉంది.

బెజవాడ_పేజీ
వధ అనగానే తెలుగువాడికి నరకాసుర వధ, కీచక వధ గుర్తుకు వస్తాయి. చనిపోయినవాడు రాక్షసుడు, చంపినవాడు దేవుడు అన్న ధ్వని ఆ పదంలో ఉంది. వార్తలో ఆ మాట వాడితే చనిపోయినవారి కుటుంబానికి అవమానంగా ఉంటుంది.

నిఘంటుప్రియ
ఆ అభ్యంతరం బలమైనదే. అయితే జంతువధ, వధశాల అన్నప్పుడు మనకు ఏ దేవుడూ గుర్తుకురాడు కదా.

కోనసీమ_కొబ్బరి
ఆ కుటుంబానికి జంతువధశాలను గుర్తుచేయడం అంతకంటే మర్యాద అన్నమాట.

పల్నాటి_పిల్లోడు
మాటల సంగతి మీరు తేల్చుకోండి. ఈ సెక్షన్ మా కుటుంబంలో ఏం చేసిందో చెబుతాను. కొత్త చట్టం రాకముందు సంగతి ఇది. పొలం గట్టు తగాదాలో మా మేనమామను పక్క పొలం ఆయన పార కామతో తల మీద ఒక్క దెబ్బ కొట్టాడు. ఆసుపత్రిలో చేర్చినప్పుడు హత్యాయత్నం కింద 307 పెట్టారు. కొద్దిరోజులకు మామయ్య చనిపోవడంతో దాన్ని 302కు మార్చినట్టు పోలీసులు కోర్టుకు మెమో ఇచ్చారు. విచారణ ముగిశాక జడ్జి గారు ఇది హత్య కిందకు రాదని, 304 రెండో భాగం కింద శిక్ష వేస్తున్నానని తీర్పు చెప్పారు. మా అత్తయ్యకు తీర్పులో అర్థమైన మాట ఒక్కటే, ‘హత్య కాదు’ అన్నది. కోర్టు బయట ఆమె ‘మరి ఆయన ఎట్లా పోయినట్టు?’ అని అడిగితే మా వైపు వకీలు సమాధానం చెప్పకుండా వెళ్ళిపోయారు. అవతలి పక్షం వారు ఊళ్ళో ‘కేసు కొట్టేశారు’ అని చెప్పుకున్నారు, శిక్ష పడి జైలుకు వెళ్ళినా సరే. కాబట్టి ఆ పాఠకుడి కోపాన్ని అజ్ఞానం అని తీసిపారేయకండి.

ఓరుగల్లు_లా
పల్నాటి_పిల్లోడు గారూ, మీ అత్తయ్య గారికి ఆనాడే ఎవరైనా ఇలా చెప్పి ఉండవలసింది. ముందే అనుకోని తగాదా, చేతిలో ఉన్న పనిముట్టు, ఒకే దెబ్బ అన్నవి కలిస్తే, చంపాలన్న ఉద్దేశం రుజువు కాలేదని, తల మీద కొడితే ప్రాణం పోవచ్చునన్న ఎరుక మాత్రం ఉందని కోర్టులు అనుకోవడం సాధారణం. ఆయన మీ మామయ్యను చంపాడన్న విషయాన్ని ఆ తీర్పు ఒప్పుకున్నది. కాదన్నది ఉద్దేశాన్ని మాత్రమే. ‘సరైన వైద్యం అందితే బతికేవాడు’ అన్న వాదన కూడా ఇటువంటి కేసుల్లో వస్తుంది. 299 కింద ఉన్న రెండో వివరణ దానికి దారి మూసేసింది. మంచి వైద్యంతో మరణాన్ని తప్పించగలిగి ఉండినా, దెబ్బ కొట్టినవాడే మరణానికి కారకుడు.

పాత_సెక్షన్
పల్నాడు పేరు వచ్చింది గనుక, దేశమంతా న్యాయ విద్యార్థులు చదివే తీర్పు ఒకటి ఆ ప్రాంతానిదేనని చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ రాయవరపు పున్నయ్యకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1976లో తీర్పు ఇచ్చింది. రొంపిచర్ల గ్రామ కక్షల్లో వయసు మళ్ళిన ఒక వ్యక్తిని బరువైన కర్రలతో కాళ్ళ మీద, చేతుల మీద విపరీతంగా కొట్టారు, ఆయన చనిపోయారు. తల, ఛాతీ వంటి ఆయువుపట్ల జోలికి పోలేదు కాబట్టి ఇది మర్డర్ కాదని హైకోర్టు 304 రెండో భాగానికి తగ్గించింది. సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. ఏ చోట కొట్టారన్నది ఒక్కటే చూస్తే చాలదని, ఆ దెబ్బలన్నీ కావాలనే కొట్టినవని, అన్నీ కలిసి సహజంగానే మరణానికి చాలినవని చెప్పి హత్యానేరాన్ని పునరుద్ధరించింది. జస్టిస్ సర్కారియా కల్పబుల్ హోమిసైడ్ జాతి అని, మర్డర్ అందులో ఒక రకమని వివరించి, తీవ్రతను మూడు మెట్లుగా చూపించింది ఇందులోనే. పై మెట్టు హత్య, నడిమి మెట్టు 304 మొదటి భాగం, కింది మెట్టు రెండో భాగం.

డెస్క్‌లో_రాత్రి
మెట్ల సంగతి స్పష్టమైంది. చంపాలన్న ఉద్దేశం రుజువైతే ఎప్పుడూ పై మెట్టేనా? అలాగే 304ఏ కింద పెట్టే రోడ్డు ప్రమాదాల కేసులు ఈ మెట్లలో ఎక్కడ ఉంటాయి?

పాత_సెక్షన్
మొదటి ప్రశ్నకు సమాధానం కాదని. ఉద్దేశం ఉన్నా, 300లోని అయిదు మినహాయింపుల్లో ఏదైనా వర్తిస్తే నడిమి మెట్టుకు దిగుతుంది. తీవ్రమైన ఆకస్మిక ప్రేరేపణ, హద్దు దాటిన ఆత్మరక్షణ, అధికారాన్ని సదుద్దేశంతోనే మీరిన ప్రభుత్వోద్యోగి, అప్పటికప్పుడు రేగిన కొట్లాట, పద్దెనిమిదేళ్ళు దాటిన వ్యక్తి తన మరణానికి తానే సమ్మతించడం అన్నవి ఆ అయిదు. నానావతి కేసు వాదమంతా వీటిలో మొదటిదాని మీదనే నడిచింది. నానావతి నౌకాదళ అధికారి. తనకు వేరొకరితో సంబంధం ఉందని భార్య చెప్పిన మాట విన్న తరవాత అతను కుటుంబాన్ని సినిమా హాలు దగ్గర దింపి, ఓడకు వెళ్ళి రివాల్వర్ తీసుకుని, ఆ మీదట వెళ్ళి ఆమె ప్రియుణ్ణి కాల్చి చంపాడు. ఆ మధ్య గడిచిన మూడు గంటలు మనసు కుదుటపడడానికి చాలునని 1961లో సుప్రీంకోర్టు మినహాయింపును నిరాకరించి యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది.

ఇక 304ఏ అసలు ఈ మెట్ల మీదనే లేదు. దానికి ఉద్దేశమూ అక్కరలేదు, ఎరుకా అక్కరలేదు. దుందుడుకుతనమో నిర్లక్ష్యమో చాలు. గరిష్ఠ శిక్ష రెండేళ్ళే ఉండేది. ఇప్పుడు 106వ సెక్షన్‌లో సాధారణంగా అయిదేళ్ళు, నమోదైన వైద్యులు వైద్యం చేస్తుండగా జరిగితే రెండేళ్ళు అయింది. ఈ రెండింటి మధ్య ఎంత అగాధముందో భోపాల్ చెబుతుంది. 1984 గ్యాస్ దుర్ఘటనలో సీబీఐ 304 రెండో భాగం కిందనే అభియోగం మోపింది. నిందితులకు అటువంటి ఎరుక ఉన్నట్టు చూపే ఆధారం లేదని 1996లో సుప్రీంకోర్టు దాన్ని 304ఏకు తగ్గించింది. పద్నాలుగేళ్ళ తరవాత 2010లో తీర్పు వచ్చినప్పుడు అన్ని వేల మరణాలకు పడిన శిక్ష రెండేళ్ళు. నిర్వచనంలో ఒక్క మాట తేడా ఎంత దూరం పోగలదో చూడండి.

మూసీ_పక్కన
హైదరాబాద్‌లో చాలామంది 105 అన్న అంకెను మొదటిసారి విన్నది 2024 డిసెంబరులో సంధ్య థియేటర్ తొక్కిసలాట తరవాత. ఒక మహిళ చనిపోయిన ఆ ఘటనలో పోలీసులు నిర్లక్ష్యం కింద కాకుండా ఈ సెక్షన్ కింద కేసు నమోదు చేశారు. తొక్కిసలాటలో ఎవరూ ఎవరినీ కొట్టరు కదా, అక్కడ కల్పబుల్ హోమిసైడ్ ఎలా వస్తుందన్నది అప్పటి నుంచి నా సందేహం.

ఓరుగల్లు_లా
పెండింగులో ఉన్న కేసు కాబట్టి ఎవరి తప్పన్నది ఇక్కడ తేల్చవద్దు. సెక్షన్ తర్కం వరకు చెబుతాను. ‘ఈ పరిస్థితిలో ఇలా చేస్తే ప్రాణం పోవచ్చని వీరికి తెలుసు, అయినా చేశారు’ అన్నది పోలీసుల ఆరోపణ అయితే 105 వస్తుంది. ‘జాగ్రత్త తీసుకోలేదు’ అన్నంతవరకే అయితే 106 వస్తుంది. ఎఫ్‌ఐఆర్‌లో వేసిన సెక్షన్ పోలీసుల తొలి అంచనా మాత్రమే. ఛార్జిషీటులో మారవచ్చు, కోర్టు అభియోగాలు ఖరారు చేసేటప్పుడు మళ్ళీ మారవచ్చు.

డల్లాస్_దోసె
అమెరికా వార్తలను తెలుగు చేసేవారు ఇక్కడ మరో గోతిలో పడుతుంటారు. అమెరికాలో ఆకస్మిక మరణాలను పరిశీలించే మెడికల్ ఎగ్జామినర్ అనే వైద్యాధికారి, మరణం ఏ విధంగా సంభవించిందో చెప్పడానికి సహజం, ప్రమాదం, ఆత్మహత్య, హోమిసైడ్, తేలనిది అన్న వర్గాల్లో ఒకదాన్ని రాస్తారు. ఆ హోమిసైడ్‌కు మరొకరి చర్య వల్ల చనిపోయారన్నంతే అర్థం. అది నేరమో కాదో చెప్పడం ఆయన పని కాదు. 2020లో పోలీసులు పట్టుకున్నప్పుడు చనిపోయిన జార్జ్ ఫ్లాయిడ్ మరణాన్ని హెన్నెపిన్ కౌంటీ మెడికల్ ఎగ్జామినర్ హోమిసైడ్ అన్నారు. దాన్ని ‘హత్యేనని నిర్ధారణ’ అని తెలుగు చేస్తే, 2021 ఏప్రిల్‌లో జ్యూరీ చెప్పవలసిన మాటను ముందే వైద్యుడి నోట పెట్టినట్టవుతుంది.

మా టెక్సాస్ చట్టంలో క్రిమినల్ హోమిసైడ్ అన్న పెద్ద శీర్షిక కింద మర్డర్, క్యాపిటల్ మర్డర్ (మరణశిక్ష పడగల హత్య), మాన్‌స్లాటర్ (హత్య కంటే తక్కువ స్థాయి నరహత్య), నేరపూరిత నిర్లక్ష్యంతో చేసిన హోమిసైడ్ అని నాలుగు ఉంటాయి. వేరే రాష్ట్రాల్లో వినిపించే ఫస్ట్ డిగ్రీ, సెకండ్ డిగ్రీ మర్డర్ల విభజన ఇక్కడ లేదు. కాబట్టి ‘అమెరికా చట్టం ప్రకారం’ అని మొదలయ్యే వాక్యం ఏదైనా అనుమానించదగ్గదే.

పరుగు_పందెం
దక్షిణాఫ్రికా సంగతి ఇంకా విచిత్రంగా ఉంటుంది. పరుగుల వీరుడు ఆస్కార్ పిస్టోరియస్ 2013లో స్నానాలగది తలుపులోంచి కాల్చి స్నేహితురాలు రీవా స్టీన్‌క్యాంప్ మరణానికి కారకుడైన కేసులో, 2014 సెప్టెంబరులో జడ్జి మసీపా ఆయన మీద కల్పబుల్ హోమిసైడ్ రుజువైందన్నారు. అక్కడి చట్టంలో ఆ పేరుకు అర్థం నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం. అంటే మన 304ఏకు దగ్గర, 304కు కాదు. పేరు ఒకటే అయినా నేరం వేరు. 2015 డిసెంబరులో పై కోర్టు దాన్ని మర్డర్‌గా మార్చింది. తలుపు వెనక ఎవరున్నారో తెలియకపోయినా, ఉన్నవారు చనిపోవచ్చునని తెలిసీ కాల్చాడన్నది కారణం. మన 105ను తెలుగు చేసిన మాటనే అక్కడి వార్తకూ అంటిస్తే అర్థం పూర్తిగా తప్పుతుంది. స్కాట్లాండ్‌లోనూ ఈ పేరుతో నేరం ఉంది. అది ఇంగ్లాండువారి మాన్‌స్లాటర్‌కు సమానం.

కోనసీమ_కొబ్బరి
ఒక్క మాటకు దేశానికొక పాస్‌పోర్టు ఉన్నట్టుంది.

శవపరీక్ష_గది
ప్రభుత్వ ఆసుపత్రిలో పోస్ట్‌మార్టం చేసేవాడిగా ఒక మాట చేరుస్తాను. పాత_సెక్షన్ గారు చెప్పిన ‘చాలినంత’ అన్న మాట కోర్టులో మమ్మల్ని తప్పకుండా అడిగే ప్రశ్న. ఈ గాయం సహజ పరిణామంలో మరణం కలిగించడానికి చాలునా, డాక్టరు గారూ అని ప్రాసిక్యూటర్ అడగాలి, దానికి మేము సూటిగా జవాబు చెప్పాలి. ఆయన అడగడం మరిచినా, మేము రిపోర్టులో తల మీద గాయం వల్ల మరణించాడని రాసి ఊరుకున్నా, ఆ ఖాళీలోంచే డిఫెన్స్ వకీలు కేసును 302 నుంచి 304కు లాక్కుపోతారు. చావుకు కారణం చెప్పడం వేరు, గాయం ఎంతటిదో చెప్పడం వేరు. ఈ రెండూ ఒకటేననుకునే కొత్త డాక్టర్లు ఉన్నారు.

విజయనగరం_వీధి
చంపాలనుకున్నది ఒకరిని, చనిపోయింది మరొకరైతే ఏమవుతుంది? చదువుకునే రోజుల్లో హల్వా కేసు అని ఒకటి విన్నట్టు గుర్తు.

పాత_సెక్షన్
అది 1912లో మద్రాసు హైకోర్టు తీర్పు ఇచ్చిన సూర్యనారాయణమూర్తి కేసు, తెలుగువాళ్ళదే. నిందితుడు తన పరిచయస్తుడి పేరున పెద్ద మొత్తాలకు జీవితబీమా చేయించి, ఆ సొమ్ము కోసం అతనికి విషం కలిపిన హల్వా పెట్టాడు. అతను కొంచెం తిని, మిగిలింది పారేశాడు. ఇంట్లో ఉన్న చిన్నపిల్ల దాన్ని తీసుకుని తిని చనిపోయింది. హల్వా తిన్న ఆ పెద్దాయన నానా అవస్థపడి బతికాడు. పిల్లను చంపే ఉద్దేశం నిందితుడికి లేనే లేదన్నది వాదన. ధర్మాసనంలో ఒక న్యాయమూర్తి విభేదించినా, చివరికి అధికసంఖ్యాక అభిప్రాయం ప్రకారం అది మర్డరే అయింది. చట్టం అడిగేది చంపే ఉద్దేశం ఉందా అని గానీ, చనిపోయిన ఆ వ్యక్తినే చంపే ఉద్దేశం ఉందా అని కాదు. పాత చట్టంలో 301, కొత్త సంహితలో 102 దీన్నే చెబుతాయి.

కోనసీమ_కొబ్బరి
బీమా ఏజెంటు స్వీటు డబ్బా పట్టుకొచ్చినప్పుడల్లా ఈ కేసు గుర్తుకొచ్చేలా చేశారు.

బెజవాడ_పేజీ
అసలు ప్రశ్న రాసే పద్ధతి గురించి. నా మట్టుకు నేను నామకరణం మీద శ్రమ పడను. ‘చంపాలన్న ఉద్దేశం రుజువు కాలేదు గానీ, ప్రాణం పోవచ్చని తెలిసీ కొట్టాడని కోర్టు నిర్ధారించి ఏడేళ్ళ జైలు విధించింది’ అని ఒక వాక్యం రాస్తే, పల్నాటి_పిల్లోడు గారి అత్తయ్యకు కూడా అర్థమవుతుంది. సెక్షన్ అంకె వాక్యం చివర ఉంటే చాలు.

నిఘంటుప్రియ
తీర్పు వార్తకు అది బాగానే ఉంటుంది. రెండు కాలమ్‌ల శీర్షికలో ఆ వాక్యం పట్టదు కదా? అక్కడ ఒక పదం కావలసిందే. ‘మానవ వధ’ వద్దంటే ‘నేరపూరిత ప్రాణహరణం’ అనండి, కనీసం ‘హత్య’ రెండుసార్లు రాదు.

బెజవాడ_పేజీ
శీర్షికలో ‘దాడి చేసి ప్రాణం తీసిన కేసులో ఏడేళ్ళ జైలు’ అంటే పడుతుంది. పదం కొత్తగా పుట్టించనక్కరలేదు.

డెస్క్‌లో_రాత్రి
తీర్పు వార్తలకు బెజవాడ_పేజీ గారి పద్ధతినే మా డెస్క్‌లో ప్రతిపాదిస్తాను. ఎఫ్‌ఐఆర్ దశ వార్తలకు మాత్రం ఉద్దేశం గురించి కోర్టు ఏమీ తేల్చి ఉండదు గనుక, ‘ప్రాణం పోవచ్చని తెలిసీ చేశారన్న ఆరోపణపై 105 సెక్షన్ కింద కేసు’ అని రాయడం సరిపోతుందా?

ఓరుగల్లు_లా
ఎరుక మాత్రమే ఉందన్న ఆరోపణ అయితే సరిపోతుంది. 105 మొదటి భాగం ఉద్దేశానికి సంబంధించినది కాబట్టి, ఎఫ్‌ఐఆర్ ప్రతిలో ఉద్దేశం అన్న మాట లేదని చూసుకున్నాకే ‘తెలిసీ’ అని రాయండి. ప్రతి చేతికి అందకపోతే సెక్షన్ అంకె, ఆరోపణ అన్న మాట రెండే ఉంచి, మిగతాది తరవాతి రోజు వార్తకు వదిలేయండి.